తాగినవాడి తప్పేనా?

మలయా రబ్బరు తోటల్లో పెరిగిన మన పెద్దలకు కల్లు దుకాణం కొత్త కాదు. కూలీల లైన్లకు దగ్గరలోనే, దొరల అనుమతితోనే నడిచేది. తాగినవాణ్ణి తిట్టాము గాని, ఆ దుకాణం అక్కడ ఎందుకున్నదని అడిగినవారు కొద్దిమందే.

ఆ ప్రశ్నను శాస్త్రీయంగా పరిశీలించినవారిలో ముఖ్యుడు బ్రిటిషు వైద్యుడు గ్రిఫిత్ ఎడ్వర్డ్స్. 1928లో భారతదేశంలో జన్మించిన ఈయన 1967లో లండనులో వ్యసన పరిశోధన విభాగాన్ని నెలకొల్పారు. తాగుడుకు లోబడటంలో హెచ్చుతగ్గులున్నాయని 1976లో మిల్టన్ గ్రాస్‌తో కలిసి వివరించారు. 1977లో జిమ్ ఆర్ఫర్డ్ ప్రభృతులతో కలిసి వెలువరించిన పరిశోధన మరీ ఆశ్చర్యకరమైనది. తాగుడుకు అలవాటుపడిన 100 మంది వివాహితులలో కొందరికి పూర్తి చికిత్స చేశారు. తక్కినవారికి భార్యాభర్తలను కూర్చోబెట్టి ఒక్కసారి హితవు చెప్పారు. ఏడాది గడిచాక చూస్తే ఇరువర్గాలకూ పెద్ద తేడా లేదు!

ధర పెరిగి, అమ్మకాలకు హద్దులుంటే సమాజంలో తాగుడు కీడు తగ్గుతుందని 1994లో పలుదేశాల పండితులతో కలిసి గ్రంథరూపంలో చాటారు. 2012లో కన్నుమూశారు.

మన ఇళ్ళలో తాగే అన్నకో తమ్ముడికో ఛీత్కారం కంటె, పక్కన కూర్చుని చెప్పే మంచిమాట మేలు. ఆపైన, వీధిలోని దుకాణం సంగతి కూడా మన సంఘాలు అడగాలి.