బుబెనెచ్ మురుగుశుద్ధి కేంద్రము

కొత్తపట్నము మొదలు చీరాల వరకు గల తీరపుటిసుకలో కొద్ది లోతున దొరువు త్రవ్వి, ఊరిన తీయని నీటిని కడవలతో మోసి తోటలు పెంచినవారికి, నేలపై పోసినదే మరల నీటిలో ఎదురగునని వేరుగ చెప్పనక్కరలేదు. ఎగువ పట్టణముల మురుగు వాలు వెంబడి తీరమువైపునకే దిగుచుండుటచేత, నగరములు తమ మురుగును నదిలో విడుచుటకు ముందు శుద్ధి చేయుట ఎట్లు నేర్చినవను కథ ఇచటివారికి పరాయిది కాదు. ఆ కథలోని తొలినాటి ఘట్టమొకటి ఇటుకలతో సహా చెక్కుచెదరక మిగిలియున్న చోటు చెక్ దేశమందలి ప్రాగ్ నగరపు బుబెనెచ్.

ప్రాగ్ నగరము వల్తవా నదికి ఇరుదరుల పెరిగినది. ఇంటింటి మురుగు ఆ నదిలోనికే పోవుచు, ఆ నది నీరే జనులు వాడుచుండుటచే అంటువ్యాధులు ప్రబలగా, పందొమ్మిదవ శతాబ్ది చివర నగరపాలకులు విలియం హీర్లైన్ లిండ్లీ అను ఆంగ్ల ఇంజనీరును ఆశ్రయించిరి. ఇతని తండ్రి, 1842లో హాంబర్గు నగరము అగ్నికి ఆహుతియైన పిమ్మట అచట మురుగు కాలువలు కట్టించి పేరుగాంచినవాడు. తండ్రీకొడుకులు ఫ్రాంక్‌ఫర్టు, వార్సా నగరములకును ఆ పనియే చేసిరి. మురుగుపని ఇట్లు ఒక వంశపు విద్యగా సాగుట నాకు ముచ్చట గొల్పును.

లిండ్లీ మొదట నేల వాలును చూచెను. నగరమునకు దిగువన, అప్పటికింకను ప్రాగ్‌లో చేరని బుబెనెచ్‌లో కేంద్రమును నిలిపినచో మురుగు యంత్రసాయము లేకయే తనంత తాను వచ్చి చేరునని గ్రహించి, సొరంగ కాలువలను ఆ వైపునకు నడిపించెను. 1906లో పని మొదలిడిన ఈ కేంద్రమున, వచ్చిన నీరు కమ్ముల జల్లెడను, ఇసుక దిగు తొట్టిని దాటి, ఇటుక కమానుల క్రింద భూగర్భమున వరుసతీరిన పది పొడవైన తొట్లలో మెల్లగ సాగెడిది. వేగము తగ్గినకొలది బరువైన మలినము అడుగునకు దిగి, తేరిన నీరు నదికి పోయెడిది. ఆవిరి యంత్రములు అడుగుబురదను తోడుటకును, వరదవేళ నదిమట్టము పెరిగి మురుగు దిగనప్పుడు దానిని ఎత్తిపోయుటకును అక్కరకు వచ్చెడివి. తుపానునాడు సముద్రము పోటెత్తి కాలువనీరు వెనుకకు తన్నుట చూచిన మన తీరవాసులకు ఈ యేర్పాటు తేలికగ బోధపడును. బురద రైతులకు ఎరువయ్యెడిది.

కాని నీటిలో కరగిన మలినము నీటితోనే నదికి పోయెడిది. దానికి ఉపాయము 1914లో మాంచెస్టరులో దొరకినది: ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ అను రసాయన శాస్త్రజ్ఞులు మురుగులోనికి గాలి నూది, మలినమును తిను సూక్ష్మజీవులతో కూడిన బురదను పారవేయక తిరిగి తిరిగి వాడుకొను పద్ధతిని ప్రకటించిరి. వారిని ఆ దారికి త్రిప్పిన గిల్బర్టు ఫౌలరు రెండేండ్లకు బెంగుళూరు విజ్ఞాన సంస్థలో ఆచార్యుడై ఆ పరిశోధనను మన దేశమునకు తెచ్చెను. ఈ సంగతిని మనవారు తలచుట అరుదు.

నగరము పెరిగి భారము మించగా 1967లో బుబెనెచ్ కేంద్రము మూతపడి, నది నడుమనున్న చక్రవర్తి ద్వీపమున కట్టిన క్రొత్త కేంద్రము ఆ పనిని గైకొన్నది. పాతదానిని పడగొట్టక, ఆవిరి యంత్రములను భద్రపరచి ప్రదర్శనశాలగ నిలుపుట చెక్ దేశీయుల వివేకము. 2010లో అది జాతీయ సాంస్కృతిక స్మారకమైనది. క్రొత్త కేంద్రమునకు మాత్రము పల్లపు స్థలపు కష్టము తప్పలేదు: 2002 ఆగస్టు వరదలో వల్తవా దానిని ముంచివేయగా, మురుగు కొంతకాలము శుద్ధి కాకయే నదిలో కలిసినది. 2018లో అదే ద్వీపమున, పైకప్పు గల మరియొక శుద్ధి విభాగము పని మొదలిడినది.