రతన్‌పూరు పొలములు, పత్రములు

రతన్‌పూరు చరిత్ర యనగానే చదువరులు రాజుల వంశావళిని, కూలిన కోటగోడలను, మహామాయాదేవి గుడిని తలంతురు. బిలాస్‌పూరు స్టేషనులో దిగి కట్‌ఘోరా త్రోవను 25 కిలోమీటర్లు వచ్చిన యాత్రికునకు మొదట కనబడునవియు నవియే. కాని ఇచ్చట కాపురముండి, ఇరుగుపొరుగు రైతుల గట్టు తగవులు వినుచు, పట్వారీ (గ్రామకరణము) కచేరి యరుగుమీద గంటలకొలది కాచుకొని కూర్చుండిన నావంటి వానికి, వేయేండ్లుగా ఈ సీమలో నడచుచున్న కథ వేఱొకటి యని తోచును. ఈ నేల ఎవరిది, ఎన్నాళ్లు వారిది, ఆ మాటకు సాక్ష్యమేమి యనునదియే ఆ కథ.

కలచురి వంశజుడగు మొదటి రత్నదేవుడు 11వ శతాబ్దిలో తుమ్మాణమును విడిచి ఇచ్చట రాజధాని నెలకొల్పెను. ఆయన మనుమడు మొదటి జాజల్లదేవుని 1114 నాటి శిలాశాసనము ఈ యూరనే దొరకినది. ఏటేట తనకు కప్పము గట్టు మండలాధిపతుల పట్టికలో ఆ రాజు ఆంధ్ర ఖిమిడి ప్రభువునుగూడ చేర్చుకొనెను. శతాబ్దుల తరువాత బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై విశాఖపట్టణము, శ్రీకాకుళము వైపునుండి తెలుగు కుటుంబములు బిలాస్‌పూరు చేరినవి. అవి కప్పము తెచ్చుటకు గాక జీతము పుచ్చుకొనుటకు వచ్చినవి. మా యిల్లును అట్టిదే. ఆ కలచురి శాసనములందు రాజు గ్రామమును దానమిచ్చెనని చదువునపుడు, నేలతోపాటు దున్నువానినిగూడ ధారపోసెనని భ్రమపడరాదు. ఆయన యిచ్చినది ఆదాయము. నాగలి మాత్రము పట్టినవాని చేతనే యుండెను.

ఆ ఆదాయమును రాబట్టుకొను ఏర్పాటు మిక్కిలి సొంపైనది. శివనాథ్ నదికి ఉత్తరమున రతన్‌పూరు క్రింద 18 గఢములు (కోట సీమలు), దక్షిణమున రాయపూరు క్రింద 18 గఢములు. లెక్కకు ఒక్కొక్క గఢమునకు 84 గ్రామములు. ఆ 84 మరల పండ్రెండేసి గ్రామముల బరహోలుగా విభక్తములు. గ్రామమునకు పెద్ద గౌంటియా. సి. యు. విల్స్ అను అధికారి 1919లో ఈ వ్యవస్థను గూర్చి వ్రాసిన విపులమైన వ్యాసమును నేటికిని పండితులు ఉదాహరింతురు. అడవులు, గుట్టలు గల సీమలో ప్రతి గఢమునకును సరిగా 84 గ్రామములే యుండుట ఎట్లు పొసగునని అడుగరాదు. రాజ్యాంగపు లెక్కలు తఱచుగా గుట్టలను చూడవు.

నన్ను మిక్కిలి ఆకర్షించిన విషయము గౌంటియా చేతి మీదుగా జరిగెడి లఖాబాటా. ఈ జిల్లా నేల ఒక్క తీరుది గాదు. నల్లని కన్హార్, పసుపువన్నె మటాసి, రెండును కలిసిన డోర్సా, వర్షము పడినను పచ్చబడని ఎఱ్ఱమొరపు భాటా, ఇవి నాలుగును ఒక్క గ్రామపు పొలిమేరలోనే తటస్థించును. మటాసి దక్కినవాడు వరి పండించుకొనుచుండగా భాటా దక్కినవాడు కోదో (అరికెలు) చల్లుకొని దైవమును నిందించుట న్యాయము గాదు కనుక, గ్రామమునందలి నాగళ్ల సంఖ్యనుబట్టి వంతు లేర్పఱచి, ప్రతి వంతునందును అన్ని తరగతుల నేలయు కొంతకొంత కలియునట్లు పంచెడివారు. కొన్నేండ్లకు కొందఱు పోయి, క్రొత్తవారు వచ్చి, వంతులు హెచ్చుతగ్గులైనపుడు మరల కలిపి మరల పంచెడివారు. పొలము కదలదు, రైతు కదలును.

ఇట్టి యేర్పాటు మా సీమకే పరిమితమని ఎంచనక్కరలేదు. ఇండొనీషియాలోని ఫ్లోరెస్ ద్వీపమున మంగ్గరాయ్ జిల్లా యున్నది. అచ్చటి గ్రామస్థులు తమ ఉమ్మడి పొలమును లింగ్కో యందురు. దాని నడుమ ఒక గుఱుతు నిలిపి, అచ్చటినుండి అంచుల వఱకు గీతలు లాగి, కుటుంబములకు ముక్కోణపు వంతులు చేయుదురు. ఎత్తుమీదనుండి చూచినవారికి అది సాలెగూడువలె కనబడును. పంచిపెట్టు పెద్దను తువా తెనో యందురు. ఆయన యజమాని గాడు, పంపిణీదారు మాత్రమే. 1960లో ఇండొనీషియా ప్రభుత్వము దేశమంతటికి ఒకే భూచట్టము చేసి, ఆచారసిద్ధములైన ఇట్టి హక్కులను జాతి ప్రయోజనమునకు లోబడి అంగీకరించినది. మన ఆంధ్రదేశమునను వీసబడి యని, గ్రామముమీది శిస్తునంతయు వీసముల చొప్పున రైతులు తమలో తాము సర్దుకొను పద్ధతి యుండెడిది. ఇవి ఒండొంటినుండి పుట్టినవి కావు. శిస్తు ఊరంతటిదై, నేల నాలుగు తీరులదైనచోట మనుష్యులకు తోచెడి ఉపాయములు కొన్నియే.

అయినను లఖాబాటాను స్వర్ణయుగమని కీర్తించువారితో నేను ఏకీభవింపజాలను. రేపు మాపు మఱొకని వశమగు పొలమునకు గట్టు పోయువా డెవడు, ఎరువు తోలువా డెవడు? పంచెడి గౌంటియా తన వంతునకు చెరువు క్రింది మడిని ఏరుకొనకుండ ఆపగలవా డెవడు? తరువాత వచ్చిన ఆంగ్లేయ శిస్తు సెటిల్మెంటు అధికారులు ఈ యాక్షేపణములనే చేసిరి; వారి యభిప్రాయములలో స్వార్థమెంత యున్నను ఈ మాటలో సత్యము గలదు.

1741లో మరాఠా సేనాని భాస్కర పంతు ముట్టడించినపుడు ఇచ్చటి వృద్ధ రాజు రఘునాథసింహుడు పోరాడక లొంగెను. ఊరిపై లక్ష రూపాయల దండుగ పడెను. 1758 మొదలు 1787 వఱకు మరాఠా పాలకుడు బింబాజీ భోంస్లే ఇచ్చటనే నివసించి, రామటేకరి మీద రాముని గుడి కట్టించెను గనుక జనులు ఆయనను ఇంకను మన్నింతురు. తరువాతి సుబేదారుల పాలనలో గఢములు పోయి పరగణా లేర్పడినవి. 1795లో కెప్టెన్ బ్లంట్ అను ఆంగ్లేయుడు చునారునుండి బయలుదేరి, మన గోదావరి సీమలోని ఎర్నగూడెము చేరబోవుచు దారిలో ఇచ్చట విడిసెను. మహానగరమును చూతునని వచ్చిన ఆయనకు కనబడినది చెదరిన గుడిసెల పల్లె. వానిలో ననేకము ఖాళీ. 1818 పిమ్మట ఆంగ్లేయ అధికారి కర్నల్ ఆగ్న్యూ పాలనాకేంద్రమును రాయపూరునకు మార్చెను. 1861లో జిల్లా యేర్పడినపుడు ముఖ్యపట్టణము బిలాస్‌పూరు. 1890 ప్రాంతమున రైలును అచ్చటికే వచ్చినది. మా ఊరు పాతరాజధాని యను బిరుదుతో తృప్తి చెందెను.

ఊరిభూముల చరిత్రలో నిజమైన మలుపు యుద్ధము వలన రాలేదు. 1868లో చిజమ్ అను అధికారి చేసిన శిస్తు సెటిల్మెంటుతో గౌంటియాలు మాల్‌గుజార్లైరి. నిన్నటి వఱకు పంచిపెట్టినవాడు నేడు హక్కుదారు. నేల తాకట్టునకు, అమ్మకమునకు అర్హమయ్యెను; లఖాబాటా క్రమముగా నశించెను. రైతు తన పొలమునకు గట్టు పోసికొనెను, ఇది లాభము. 1896-97, 1899-1900 కఱవులలో ఆ పొలమునే షావుకారునకు వ్రాసి యిచ్చుకొనెను, ఇది నష్టము. రెండింటికిని మూలము ఒక్క కాగితమే. మాల్‌గుజారీ రద్దు చట్టము 1950లో పుట్టి, 1951 మార్చి 31 నుండి అమలగుటతో ఆ మధ్యవర్తులు తొలగి, చెరువులు, బంజరులు ప్రభుత్వపరమైనవి.

ఈ చెరువుల మాట విడిచిన మా ఊరి ఆస్తి లెక్క పూర్తి గాదు. ఛత్తీస్‌గఢీ పెద్దలు చెరువుల సమృద్ధిని చెప్పవలసినపుడు ఆరు కోరీల (ఇరువదుల) ఆరు, అనగా 126, అందురు. ఎంచి చూచినవారు గలరో లేదో గాని, దుల్హరా మొదలుకొని వీథి కొకటి చొప్పున ఉన్న చెరువులను చూచినవారు ఆ సంఖ్యను శంకింపరు. ఖారంగ్ నదిపై బ్రిటిషు కాలమున ఖూటాఘాట్ జలాశయము వచ్చిన పిమ్మట దాని కాలువ పాఱిన పొలముల ధర ఒక తీరు, చెరువు నీటిపై బ్రదుకు పొలముల ధర మఱొక తీరు.

మా తండ్రి రైల్వే కొలువునుండి విరమించి పొరుగు గ్రామమున కొంచెము మటాసి నేల కొన్నపుడు, ఖస్రా (పొలపు లెక్క) నకలు, ఋణ పుస్తిక మొదలగునవి చేతికి వచ్చుటకే రెండు పంటలు గడచినవి. ఇప్పుడు ఖస్రా ఫోనులో కనబడుచున్నది. కాని అచ్చటి చెరువు మీది హక్కు ఏ యొక్కని ఖాతాలోను లేదు. స్నానము, పశువుల త్రావుడు, బట్టలుతుకుట మొదలగు నిస్తార్ హక్కులు వాజిబ్-ఉల్-అర్జ్ అను గ్రామాచార పత్రములో వ్రాయబడియుండును. 1959 నాటి భూరెవెన్యూ స్మృతి వానిని నిలిపియుంచినది. పంచాయతి చెరువును చేపలకు గుత్త కిచ్చును. గుత్తదారు చేపలకే యజమాని, నీటికి గాడు. వేసవిలో నీరడుగంటినపుడు చేపలు పట్టుటకై ఉన్న నీటిని తోడివేయవచ్చునా, పశువుల కెంత నిలుపవలె నను తగవు ఏటేట తప్పక వచ్చును. అప్పుడు ఆ పత్రపు నకలు కొఱకు పట్వారీ కడకు పోవువారిలో నేనును ఒకడను.