దల్లీ రాజహరా షహీద్ ఆసుపత్రి: పుట్టుపూర్వోత్తరములు

భిలాయి ఉక్కు కర్మాగారపు కొలుములలో కరుగు ఇనుపరాయి సుమారు 90 కిలోమీటర్ల దూరముననున్న దల్లీ రాజహరా కొండలలో త్రవ్వబడి రైలు వాగనులలో వచ్చును. 1955లో సోవియట్ ప్రభుత్వముతో కుదిరిన ఒప్పందమును, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు తొలి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించుటను శ్రీకాకుళ విజయనగర సీమలనుండి వచ్చి భిలాయి సెక్టార్లలోను, ఖుర్సీపార్‌లోను స్థిరపడిన మన తెలుగువారు ఇంటిముచ్చటలుగా చెప్పుకొందురు. ఆ రాతిని పగులగొట్టినవారు తమకై తాము కట్టుకొన్న ఆసుపత్రి కథ మాత్రము మనలో అంతగా వ్యాప్తికి రాలేదు.

యంత్రములు లేని గనులలో పని యంతయు ఠేకా (కాంట్రాక్టు) కూలీలది. మగవాడు సుత్తితో రాయి పగులగొట్టగా, ఆడుది దానిని తట్టకెత్తి లారీలో నింపెడిది. ప్లాంటు ఉద్యోగికి సహజముగా లభించు క్వార్టరు గాని, వైద్యము గాని వారికి లేకుండెను. ఉన్న సంఘములు తమ పక్షము వహింపవని తలచి, 1977లో వారు ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘమును నెలకొల్పుకొని, పూర్వము భిలాయి కోక్ ఓవెన్లలో పనిచేసిన శంకర్ గుహా నియోగిని నాయకునిగా వరించిరి. వానలకు ముందు గుడిసె బాగుచేసికొనుటకు 100 రూపాయలును, పని దొరకని దినములకు కొంత కూలియును వారు కోరిరి. ఇంత స్వల్పమైన కోరికలకు ప్రత్యుత్తరముగా ఆ జూన్ 2, 3 తేదీలలో పోలీసు కాల్పులు జరిగి 11 మంది ప్రాణములు గోల్పోయిరి.

పోరాటఫలముగా కూలి పెరిగిన పిదప ఆ సొమ్ము సారాదుకాణములకు పోవుట చూచి, సంఘము మద్యనిషేధోద్యమమును చేపట్టెను. స్త్రీలు దానికి వెన్నెముకయై నిలిచిరి. హక్కులకై పోరాటమును, నూతన జీవన నిర్మాణమును జంటగా సాగవలెననుట నియోగి సిద్ధాంతము. 1979లో సంఘ ఉపాధ్యక్షురాలు కుసుమ్‌బాయి ప్రసవవేళ తగిన వైద్యము లభింపక మరణించెను. ఆగ్రహముతో వేలాదిగా గుమిగూడిన జనము ఒక్క అద్దమైనను పగులగొట్టక, మరియొక తల్లి ఇట్లు చావరాదని, తమ ప్రసూతిగృహమును తామే నిర్మించుకొందుమని ప్రతిన బూనుట నా దృష్టిలో ఈ చరిత్రమంతటిలో మహోన్నత ఘట్టము.

1982 జనవరి 26న సంఘ కార్యాలయపు గ్యారేజిలో షహీద్ (అమరవీరుల) డిస్పెన్సరీ ఆరంభమయ్యెను. ఆశిష్ కుండు, బినాయక్ సేన్, పవిత్ర గుహా, శైబల్ జానా మొదలగు వైద్యులు వచ్చి తోడైరి. పగలు గనిలో రాళ్లు కొట్టిన కూలీలు విశ్రాంతివేళల శ్రమదానముచే గోడలు లేపిరి. తమకు వచ్చు అలవెన్సులనుండి విరాళములిచ్చిరి. 1983 జూన్ 3న, కాల్పులలో మడిసినవారి సంస్మరణదినమున, 15 పడకలతో ఆసుపత్రి ప్రారంభమయ్యెను. కూలీల బిడ్డలే శిక్షణము పొంది దాదులైరి. అవసరము లేని సూదిమందులును టానిక్కులును వలదనియు, విరేచనములకు ఉప్పు, చక్కెర కలిపిన నీరు ఇంటనే త్రావింపవచ్చుననియు వారు బస్తీలు తిరిగి బోధించిరి. సూదిమందునే వైద్యమని నమ్మిన జనులకు ఈ మాట చెప్పుటకు ఎంత ఓర్పు కావలెనో పల్లెలలో తిరిగినవారెరుగుదురు.

సామాన్యజనులను ఆరోగ్యసేవకులుగా తీర్చు ఇట్టి యత్నము థాయ్‌లాండ్‌లోను జరిగెను; సంఘము వెలసిన ఆ 1977లోనే అచ్చట గ్రామారోగ్య స్వచ్ఛందసేవకుల వ్యవస్థ ఆరంభమై, నేటికి పదిలక్షలకు పైబడిన సేవకులతో విస్తరిల్లినది. అచ్చట ప్రజారోగ్య మంత్రిత్వశాఖ పూనిక యుండెను. రాజహరాలో పూనికయు, ధనమును, శ్రమయు కూలీలవే.

తరువాత నియోగి భిలాయి ప్రైవేటు ఫ్యాక్టరీల కార్మికులను సంఘటితపరచుచు, 1991 సెప్టెంబరు 28న భిలాయిలోనే నిద్రలోనుండగా కాల్చి చంపబడెను. మరుసటి యేడు జూలై 1న పవర్‌హౌస్ రైల్వేస్టేషను వద్ద ఆందోళనలోనున్న కార్మికులపై కాల్పులు జరిగి మరల పలువురు మరణించిరి. ఇన్ని దెబ్బలకును ఆ ఆసుపత్రి తలుపులు మూతపడలేదు. 15 పడకలు క్రమముగా నూటికి పైబడినవి.

భిలాయి తెలుగు సోదరులారా, మీ బిడ్డలకు ఫర్నేసును చూపునాడు, ఒక్కమారు దల్లీ రాజహరాకు కొనిపోయి ఆ ఆసుపత్రిని గూడ చూపుడు.