మోటారు ఇంజనులోని టకటక

బండి తోలు రైతునకు బండిచప్పుడే బండి క్షేమసమాచారము. ఇరుసునకు కందెన తక్కువైన ఒక మోత, చీల సడలిన మరియొక మోత. కన్నులు మూసికొని కూర్చున్నను ఏ చక్రమున ఏమి లోపమో అతడు చెప్పగలడు. మోటారుకార్లు పుట్టిన తొలిదినములలో వానిని నడపినవారును, బాగుచేసిన మిస్త్రీలును ఈ విద్యనే నమ్ముకొనిరి. సడలినదేదో వెదకుట, దానిని బిగించుట, చప్పుడు మాన్పుట, ఇంతియే వారి వైద్యము. కాని ఒక్క చప్పుడు మాత్రము ఈ వైద్యమునకు లొంగలేదు. కారు ఎత్తు నెక్కునపుడును, ఒక్కసారిగా వేగము పెంచునపుడును, ఇంజనులోపల నెవరో చిన్న సుత్తితో కొట్టుచున్నట్లు టకటకమను ధ్వని వినవచ్చెడిది. చదును నేల రాగానే అది మాయము. ఇంజను విప్పి చూచిన సడలిన మర యేదియు కనబడదు. మరల బిగించి ఎత్తు నెక్కించిన మరల అదే టకటక!

ఆ చప్పుడును వెదకినవారి చరిత్రయే నేడు నేను మీకు చెప్పదలచినది. ఆ వెదకులాట ఇనుముతో మొదలై, పెట్రోలుదాక పోయి, తుదకు పసిపిల్లల రక్తముదాక పోయినది.

ఇంజను పని తెలియనిదే ఈ కథ తెలియదు. సిలిండరు అనునది గొట్టము. దానిలో పైకిని క్రిందికిని ఆడు బిరడా వంటిది పిస్టను. పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి సిలిండరులోనికి వచ్చును. పిస్టను పైకి వచ్చి ఆ మిశ్రమమును అదుమును. అప్పుడు విద్యుత్తువలన ఒక నిప్పురవ్వ పుట్టును. మిశ్రమము మండి వ్యాకోచించి పిస్టనును క్రిందికి త్రోయును. ఇందలి రహస్యమంతయు అదుముటయందే యున్నది. ఎంత గట్టిగా అదిమిన, అంతే పెట్రోలునుండి అంత యెక్కువ బలము వచ్చును. కావున పందెపు కార్లును, స్పోర్ట్సు కార్లును చేయువారందరు అదుము పెంచగోరిరి. పెంచిన తోడనే టకటక ఎదురయ్యెను. అది వట్టి చప్పుడే యైన భరింపవచ్చును. కాని లెక్కచేయక నడిపినచో ఇంజను వేడెక్కి బలము తగ్గును, పిస్టనులు పగులును. అందుచేత 1920 ప్రాంతముల అమెరికా కార్లు మిశ్రమమును ఇంచుమించు నాలుగవ వంతునకు మించి అదుమజాలకుండెను.

ఆ దేశమున ఒహాయో రాష్ట్రమందు చార్లెస్ కెటరింగు అను ఇంజనీరు ఉండెను. రైతు కుటుంబమున పుట్టినవాడు. ముందు నిలిచి హ్యాండిలు త్రిప్పి కారును మేల్కొలుపు బాధ తప్పించి, మీట నొక్కగానే ఇంజను కదలు ఏర్పాటును ఆయన కల్పించెను. 1912లో అది కాడిలాక్ కార్లకు అమర్చబడెను. ఆ కార్లలో టకటక వినబడినప్పుడు, గిట్టనివారు ఆయన పెట్టిన బ్యాటరీ రవ్వయే దీనికి మూలమనిరి. ఆయన పల్లెటూరి యిండ్ల దీపములకై చిన్న ఇంజనులనుగూడ చేసి అమ్మెను. అవి కిరసనాయిలుతో నడచినప్పుడు టకటక మరింత ఎక్కువయ్యెను. ఆనవాలు ఇక్కడనే దొరకినదని నా అభిప్రాయము. నూనె మారినప్పుడు చప్పుడు మారినచో దోషమును ఇనుమునందు వెదకుట ఏల?

1916లో థామస్ మిడ్జిలీ అను యువకుడు కెటరింగువద్ద కొలువులో చేరెను. ఆయన చదివినది యంత్రశాస్త్రము, రసాయనశాస్త్రము కాదు. సిలిండరులో ప్రతిక్షణమును ఒత్తిడి యెట్లు మారుచున్నదో చూడవలెనని ఆయన సంకల్పించెను. ఒత్తిడికి కదలు చిన్న అద్దమును అమర్చి, దానిపై వెలుగు పడునట్లు చేసి, ఆ వెలుగు చుక్క గీయు గీతను తిరుగుచున్న ఫోటో ఫిల్ముపై పట్టుకొనెను. ఫిల్ము చుట్టుటకు ఆయన వాడినది టొమాటోల రేకుడబ్బా! గొప్ప ప్రయోగశాలలన్నిటికిని గొప్ప సామానులే కావలెనని తలచువారు ఈ డబ్బాను గుర్తుంచుకొనవలెను.

రవ్వ పుట్టకమునుపే మిశ్రమము అంటుకొనుటవలన టకటక కలుగునని అప్పటి పెక్కుమంది నమ్మకము. డబ్బామీది గీత వేరుమాట చెప్పెను. రవ్వ పుట్టినది, మంట సాగినది, ఆ తరువాతనే ఒత్తిడి ఒక్కసారిగా ఆకసమున కెగసినది. ఇంగ్లండులో కేంబ్రిడ్జియందు హాప్కిన్సను అను ఆచార్యుడును, ఆయన శిష్యుడు హ్యారీ రికార్డోయు ఈ తలపునకే వచ్చియుండిరి. ఎండుగడ్డి బీడులో ఒక అంచున నిప్పు పెట్టితిమనుకొనుడు. మంట వరుసగా సాగిపోవును. ఆ మంట చేరకముందే, దూరమున నున్న మూలలోని గడ్డి యంతయు వేడికి ఒక్క క్షణమున భగ్గున మండినట్లయిన ఎట్లుండును? సిలిండరులో జరుగునది అదియే. మండినభాగము ఉబ్బి, మండనిభాగమును మూలకు నొక్కి కాల్చును. అది ఓర్వలేక ఒక్కుమ్మడిగా ప్రేలును. ఆ ప్రేలుడు తాకిడికి సిలిండరు గోడలే మ్రోగును. గుడిగంట మ్రోగినంత మాత్రమున గంట సడలినదని మనమనము, కొట్టినవారెవరని చూతుము. మిస్త్రీలు ఇన్నాళ్లును గంటను బిగించుచుండిరి.

కొట్టుచున్నది ఇంధనమని తేలెను. ఇక మాన్పుట యెట్లు? ఇక్కడ ఒక విచిత్రము జరిగెను. వసంతము రాకమునుపే, మంచులోనే పూయు అడవితీగ యొకటి ఆ దేశమున కలదు. దాని ఆకుల అడుగు ఎర్రగా నుండును. ఆ యెరుపు వేడిని పీల్చుటచేతనే అది ముందుగా పూచుచున్నదేమో, కిరసనాయిలునకు ఎర్రరంగు వేసిన అదియు వేడిని పీల్చి ముందుగా ఆవిరియై సుఖముగా మండునేమో అని కెటరింగు, మిడ్జిలీలు ఊహించిరి. 1916 డిసెంబరులో ఒక శనివారము రంగు కొరకు చూడగా దొరకలేదు. అయోడిను దొరకెను. దానిని కలిపి ఇంజను నడుపగా టకటక ఆగెను! పిమ్మట నిజమైన ఎర్రరంగులు తెప్పించి కలిపిరి. చప్పుడు తగ్గలేదు. రంగులేని అయోడిను పదార్థమును కలిపిరి. చప్పుడు ఆగెను. ఊహ తప్పు, ఫలము నిజము. దీనిని అదృష్టమనువారు కలరు. నేననను. మొదటి దినమున పని నెరవేరినదని సంతోషించి ఊరకుండక, రంగును వేరుగను, అయోడినును వేరుగను పరీక్షించిన బుద్ధియే ఇందు గొప్పది.

అయోడిను ప్రియమైనది, పైగా లోహమును తినివేయును. వేరొకదానికై సంవత్సరముల తరబడి వెదకిరి. అనిలీను పనిచేసెను గాని దుర్వాసన. టెల్లూరియము ఇంకను బాగుగ పనిచేసెను గాని, ముట్టినవారి యొంటికి పట్టిన వెల్లుల్లి కంపు స్నానము చేసినను పోదాయెను. కడకు మూలద్రవ్యముల పట్టికను ముందుంచుకొని, బరువైన లోహములవైపు దిగుచు దిగుచు 1921 డిసెంబరు 9న సీసమును చేరిరి. టెట్రా ఇథైలు లెడ్ అను ఆ సీసపు ద్రవము 1,300 పాళ్ల పెట్రోలునకు ఇంచుమించు ఒక్క పాలు చాలును. టకటక పూర్తిగా నిశ్శబ్దము. 1923 ఫిబ్రవరిలో డేటను పట్టణమున అమ్మకము మొదలయ్యెను. ఆ మేనెలలో ఇండియానాపోలిస్ పందెమున మొదటి మూడు స్థానములును ఈ పెట్రోలు పోసిన కార్లే గెలుచుకొనెను. స్పోర్ట్సు కార్లవారి ఆనందమునకు మేరలేదు.

సారాయి సారమగు ఇథనాలును కలిపినను టకటక తగ్గునని వారికి అప్పటికే తెలియును. బొగ్గునుండి తీయు బెంజోలు సంగతియు తెలియును. కాని అవి చారెడు కాదు, గంపెడు కలుపవలెను. సీసమో, చెంచాడు చాలును. పైగా సీసపు ఉపాయమునకు పేటెంటు కలదు.

సీసము విషమని మన వైద్యులకు క్రొత్త మాట కాదు. నాగమను పేర దానిని వాడిన ఆయుర్వేదమువారు శోధింపనిదే వాడరాదనిరి. ఐరోపాలోను ప్రాచీనకాలమునుండి తెలిసినదే. అయినను అమ్మకపు పేరు ‘ఇథైలు’ అని పెట్టిరి. పేరులో సీసము మాట లేదు. 1924 అక్టోబరులో న్యూజెర్సీయందలి బేవే నూనె కర్మాగారమున ఈ ద్రవమును చేయుచున్న కూలీలకు మతి చలించెను. లేనిపురుగులను గాలిలో పట్టబోవువారు కొందరు, కట్టివేసినగాని నిలువనివారు కొందరు. 5గురు మరణించిరి. 30 మందికి పైగా ఆసుపత్రి పాలైరి. ఆ నెల 30వ తేదీన మిడ్జిలీ పత్రికలవారి యెదుట ఆ ద్రవముతో చేతులు కడుగుకొని, దాని ఆవిరి పీల్చి, భయము లేదని చూపెను. ఆ ముందటి యేడాదియే ఆయనకును సీసపు విషము సోకి, విశ్రాంతికై ఫ్లోరిడాకు పోయియుండెను! చప్పుడును అంత నిజాయితీగా వెదకిన మనుష్యుడు ఇక్కడ నిట్లు ప్రవర్తించుట నాకు బాధ కలిగించును.

1925 మేనెలలో వాషింగ్టనులో సభ జరిగెను. ఆలిస్ హామిల్టను అను వైద్యురాలును, యాండెల్ హెండర్సను అను ఆచార్యుడును అడ్డుచెప్పిరి. కర్మాగారపు కూలీల మాట అటుండగా, వీధులలో మెల్లమెల్లగా చేరు సీసపు దుమ్ము మాట యేమని వారి ప్రశ్న. అమ్మకము కొంతకాలము నిలిపి, కొలదిమందిని కొలది నెలలు పరీక్షించి, 1926లో మరల అనుమతించిరి. ఇంకను పరీక్షింపవలెనని సంఘమువారు వ్రాసిరి. అటుతరువాత దాదాపు 40 సంవత్సరములు ఈ విషయమున ముఖ్యముగ వినబడినది, ఆ కంపెనీల ద్రవ్యముతో పరిశోధించిన వైద్యుని మాటయే.

రెండవ వెదకులాట ఎవరును తలపని చోట పుట్టెను. క్లేర్ ప్యాటర్సను అను శాస్త్రజ్ఞుడు ఉల్కలలోని సీసమును కొలిచి, భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరములని 1956లో తేల్చెను. ఆ పనిలో ఆయనకు కలిగిన చిక్కు, తన గదిలో ఎక్కడ చూచినను సీసమే యుండుట. కొలతను చెరచుచున్న ఈ సీస మెక్కడిదని ఆయన వెంటబడెను. సముద్రపు లోతుకన్న పైనీటిలో సీసము ఎక్కువ. గ్రీన్లాండు మంచులో పాతపొరలకన్న క్రొత్తపొరలలో ఎక్కువ. మూలము కార్ల పొగగొట్టములని తేలెను. 1965లో ఆయన ప్రకటించగా కంపెనీలవారు మండిపడిరి. 1979లో హెర్బర్ట్ నీడిల్మను అను పిల్లల వైద్యుడు ఊడిన పాలపండ్లలోని సీసమును కొలిచి, సీసము హెచ్చిన పిల్లలకు తెలివి పరీక్షలలో మార్కులు తగ్గుచున్నవని చూపెను.

ఈలోపల, 1975 ప్రాంతమున, పొగను శుద్ధిచేయుటకు కార్లకు తగిలించిన క్రొత్త పరికరము సీసముచే చెడిపోవుచుండెను. పిల్లలకొరకు ఆగనిది పరికరముకొరకు ఆగుట మొదలిడెను. అమెరికాలో కార్లకు సీసపు పెట్రోలును 1996లో పూర్తిగ మాన్పిరి. మన దేశమున సీసము లేని పెట్రోలు 1995లో నాలుగు మహానగరములకు వచ్చి, 2000 ఫిబ్రవరి 1 నాటికి అంతటను వచ్చెను. లోకములో కట్టకడపట అల్జీరియా 2021లో మానెను.

సీసము పోయిన పిమ్మట పాత స్పోర్ట్సు కార్లవారికి క్రొత్త చిక్కు వచ్చెను. మెత్తని పోతయినుపు వాల్వుసీట్లను ఇన్నాళ్లును సీసపు పొర కాపాడినది. అది లేక అవి అరుగజొచ్చెను. గట్టి ఉక్కు సీట్లను దిగవేయించుకొనవలసి వచ్చెను. టకటక వినబడిన పాతకారునకు నేడు చేయు చికిత్స సులభమైనదే. రవ్వ పుట్టు వేళను కొంచెము వెనుకకు జరుపుదురు, సిలిండరులో పేరుకొన్న మసిని గీకుదురు, ఆక్టేను సంఖ్య హెచ్చుగనున్న పెట్రోలు పోయుదురు. 1926లో ఏర్పడిన ఆ సంఖ్య, టకటకకు పెట్రోలు ఎంత ఓర్చునో తెలుపు కొలత. ఆ సంఖ్యను పెంచుటకు పనికివచ్చునని 1921 నాటికే యెరిగిన ఇథనాలు, చెరకునుండియు, నూకలనుండియు, మొక్కజొన్నలనుండియు తయారై, 2025 నాటికి మన దేశపు పెట్రోలులో నూటికి 20 పాళ్లు చేరినది. పాతకార్ల రబ్బరు గొట్టములకు మాత్రము అది అంతగా పడదని, వానిని మార్పించుకొనుడని మిస్త్రీలు చెప్పుచున్నారు.