పాత పత్రికలలో మన తాతలు

మీ తాత యే యోడపై వచ్చెనో మీ యింట నెవరికైనను తెలియునా? మద్రాసునుండి ‘ట్రూరో’ యను నోడ 1860 నవంబరు 16వ తేదీన డర్బను చేరెను. ఆడువారు, పిల్లలతో గూడ 342 మంది. వారిలో తెలుగువారును గలరు. 1852లో పుట్టిన ‘నాటాల్ మెర్క్యురీ’ పత్రిక యా గుంపు దిగుటను వింతగా వర్ణించెను. పేర్లు మాత్రము వలస రిజిస్టరులలో వెదకవలెను: సంఖ్య, తండ్రి పేరు, వయస్సు, ఊరు. పత్రికవలన నోడ వచ్చిన దినము తెలిసికొని, పిమ్మట రిజిస్టరు తెరువుడు. గుమాస్తాలు చెవికి తోచినట్లు వ్రాసిరి. నాయుడు ‘నాయిడూ’ యయ్యెను. (వానికి తెలుగు రాకపోవుట తాత తప్పా?) కావున పేరొక్కటే నమ్మరాదు, తండ్రి పేరును, ఊరును సరిపోవలెను. ఆ యూరి పేరు పెక్కిండ్లలో ముసలి నాయనమ్మ నోట మాత్రమే యున్నది. ముందుగా నామె నడిగి వ్రాసికొనుడు.