చిక్కడపల్లి నుంచి రెండో స్టేషన్

చిక్కడపల్లిలో మెట్రో ఎక్కితే నారాయణగూడ దాటగానే సుల్తాన్ బజార్. కూర్చోవడానికి సీటు వెతుక్కునేలోపే దిగాల్సి వస్తుంది. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే పిల్లలు పాత పుస్తకాల కోసం కోఠీకి, ఇళ్లలోని ఆడవాళ్లు మ్యాచింగ్ బ్లౌజు ముక్కల కోసం బడీచౌడీకి ఈ రైల్లోనే పోతుంటారు. వాళ్లు దిగే చోట ఒకప్పుడు నిజాం చట్టం చెల్లేది కాదు. హైదరాబాదు నడిబొడ్డున ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో నడిచిన బజారది. అప్పటి పేరు రెసిడెన్సీ బజార్.

ఇంగ్లండులో పాత సంతపట్నాలకు రాజు పట్టా రాసిచ్చేవాడు. ఇక్కడ రెసిడెంటు ప్రాపకమే పట్టా. 1798లో నిజాం అలీఖాన్ సైన్య సహకార ఒప్పందానికి ఒప్పుకున్నాక ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి అయిన ఈ రెసిడెంటు మాటకు ఎదురు లేకపోయింది. మూసీకి ఉత్తరాన 1803లో రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ తలపెట్టిన రెసిడెన్సీ భవనానికి సొమ్ము మాత్రం నిజాందే. స్థలం నక్షా పెద్ద కాగితం మీద చూపిస్తే తన రాజ్యమంతా అడుగుతున్నాడనుకుని నిజాం కాదన్నాడట. అదే నక్షా చిన్న అట్టముక్క మీద గీసి పంపితే సరేనన్నాడట. కథే కావచ్చు, కానీ ఎవరి సొత్తుతో ఎవరు దర్జా వెలగబెట్టారో బాగానే చెబుతుంది.

ఆ నీడలో సాహుకార్లు మేడలు కట్టారు. బాకీ తగాదా వస్తే దివాను కచేరీ చుట్టూ తిరగకుండా రెసిడెంటు దగ్గర మొరపెట్టుకోవచ్చన్నదే వాళ్ల ధైర్యం. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషులు రెసిడెన్సీ మీద దాడికి దిగినప్పుడు ఎదురుగా ఉన్న అలాంటి మేడల్నే ఆక్రమించుకుని కాల్పులు జరిపారు. ఆ తర్వాత రెసిడెన్సీకి గోడలు, బురుజులు లేచాయి.

నాకు ఇంతకంటే ముఖ్యమనిపించేది 1901 సెప్టెంబరు 1. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు ఆ రోజున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలుపెట్టింది ఈ ప్రాంతంలోనే. నిజాం ఆంక్షలకు కాస్త ఎడంగా ఉండటం బట్టలకొట్లకే కాదు, తెలుగు పుస్తకానికీ అక్కరకొచ్చింది. 1933లో బజారు మళ్లీ నిజాం చేతికి వచ్చింది, సుల్తాన్ బజార్ అయింది. రెసిడెన్సీ భవనంలోకి 1949లో మహిళా కళాశాల వచ్చింది.

ఇంత పేరున్న బజారుకు రైలు మాత్రం చాలాకాలం రాలేదు. 1874లో వాడి నుంచి వచ్చిన లైను కంటోన్మెంటు పక్కన సికింద్రాబాదు చేరింది. 1907లో నాంపల్లి, 1916లో కాచిగూడ స్టేషన్లు వచ్చినా, అక్కడ దిగినవాళ్లు బజారుకు జట్కానో రిక్షానో మాట్లాడుకోవాల్సిందే. 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది కూడా నిజాం రైల్వేవాళ్లే. పట్టాలు వేయలేని చోటికి రైల్వే బస్సు పంపిందన్నమాట.

చివరికి రైలు బజారులోకే వస్తానంటే వద్దన్నది బజారే. ఇరుకు సందుల్లో స్తంభాలు నిలిపితే దుకాణాలు పోతాయని వ్యాపారులు ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు. తెలంగాణ వచ్చాక ప్రభుత్వం దారి మార్చే ఆలోచన చేసి, తిరిగి పాత నక్షాకే వచ్చింది. కొన్ని కట్టడాలు పోయాయి. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా 11 కిలోమీటర్ల లైను మొదలైంది. మొరపెట్టుకోవడానికి ఈసారి రెసిడెంటు లేడు. ఊళ్లో అందరిలాగే బజారువాళ్లూ సచివాలయం మెట్లెక్కాల్సి వచ్చింది.