విలన్ బొమ్మ మనిషేనా? కోర్టు దాకా వెళ్లిన కింగ్‌పిన్.. యాక్షన్ ఫిగర్ల వెనుక కథ ఇదీ

గుండు తల, సూటు, చేతిలో కర్ర.. చూడ్డానికి బాగా ఒళ్లున్న బిజినెస్‌మ్యాన్‌లా ఉంటాడు కింగ్‌పిన్. మార్వెల్ కామిక్స్‌లో స్పైడర్‌మ్యాన్‌కి, డేర్‌డెవిల్‌కి విలన్. ఎగరడు, మాయలు చేయడు. అయినా సరే ఇతని బొమ్మ మనిషి బొమ్మ కిందకు రాదని 2003 జనవరిలో అమెరికా కోర్టు తేల్చేసింది. గొడవంతా పన్ను దగ్గర మొదలైంది.

అప్పటి అమెరికా కస్టమ్స్ రూల్స్ ప్రకారం మనిషి రూపంలో ఉన్న బొమ్మ 'డాల్'. దానికి 12 శాతం సుంకం. మనిషి కాని జీవి అయితే 'టాయ్'. దానికి 6.8 శాతమే. చైనా నుంచి ఎక్స్‌మెన్, స్పైడర్‌మ్యాన్ క్యారెక్టర్ల బొమ్మలు తెప్పించిన టాయ్ బిజ్ కంపెనీ తమవి టాయ్‌లేనంటూ కోర్టుకెక్కింది. న్యూయార్క్‌లోని అంతర్జాతీయ వాణిజ్య కోర్టు జడ్జి జుడిత్ బార్జిలే ఆ బొమ్మలను స్వయంగా పరిశీలించారు. గోళ్లు, రోబో చేతులు ఉన్నవాటితో పెద్దగా ఇబ్బంది లేదు. చిక్కల్లా కింగ్‌పిన్‌తోనే వచ్చింది. కథలో అతనికి అతీత శక్తులున్నట్టు లేదు. కానీ విపరీతమైన బలం ఉంది.. బొమ్మ ఒళ్లు భారీగా, తల మరీ చిన్నగా, చేతులు మరీ పెద్దగా ఉన్నాయి. దాంతో ఇదీ టాయేనని తీర్పు వచ్చింది.

కంపెనీ గెలిచింది కానీ ఫ్యాన్స్‌కి మండింది. ఎందుకంటే ఎక్స్‌మెన్ కథలో అసలు పాయింటే 'మమ్మల్నీ మనుషుల్లా చూడండి' అన్న పోరాటం. అవే కథలు అమ్ముకునే మార్వెల్ గ్రూప్ కంపెనీ కోర్టులో సరిగ్గా దానికి రివర్స్‌లో వాదించింది మరి!

అసలు 'యాక్షన్ ఫిగర్' అంటే?

ఈ మాట కూడా వ్యాపారం కోసం పుట్టిందే. 1964లో హాస్‌బ్రో కంపెనీ జీఐ జో సైనికుడి బొమ్మ తెచ్చింది. డాల్ అంటే మగపిల్లలు ముట్టుకోరన్న భయంతో దానికి 'యాక్షన్ ఫిగర్' అని పేరు పెట్టింది. కామిక్స్ వైపు ఊపు తెచ్చింది మాత్రం మెగో కంపెనీ. 1972లో గుడ్డతో కుట్టిన డ్రెస్సులు వేసి, 8 అంగుళాల సూపర్‌హీరో బొమ్మలు మార్కెట్లోకి వదిలింది. జోకర్, పెంగ్విన్, రిడ్లర్ లాంటి విలన్లు ఆ తర్వాతే వచ్చారు. మొదట్నుంచీ వరస ఇదే.. ముందు హీరో, వెనకాల విలన్.

1984లో మ్యాటెల్ కంపెనీ మార్వెల్ బొమ్మలు చేస్తానంటే, వాటికి తోడుగా 'సీక్రెట్ వార్స్' అనే కామిక్ సిరీసే పుట్టింది. 'వార్స్', 'సీక్రెట్' అనే మాటలు వింటే పిల్లలు ఎగబడుతున్నారని మ్యాటెల్ చెప్పడంతో పేరు అలా కుదిరింది. కథ నుంచి బొమ్మ రావాలి కానీ, ఇక్కడ బొమ్మ కోసం కథ రాశారన్నమాట.

గీసిన చేతికి బొమ్మతో దక్కిన డబ్బు

ఈ మొత్తం చరిత్రలో తప్పక తెలుసుకోవాల్సింది డార్క్‌సైడ్ సంగతి. డీసీ కామిక్స్‌లోని ఈ మహా విలన్‌ని 1970లో జాక్ కిర్బీ సృష్టించారు. అప్పట్లో ఆర్టిస్టులకు పేజీకి ఇంత అని ఇచ్చి చేతులు దులుపుకోవడమే పద్ధతి. క్యారెక్టర్ మీద తర్వాత ఎంత సంపాదించినా గీసినవాళ్లకు వాటా ఉండేది కాదు.

1984లో కెన్నర్ కంపెనీ డీసీ క్యారెక్టర్లతో 'సూపర్ పవర్స్' బొమ్మలు మొదలుపెట్టింది. కాళ్లు నొక్కితే చేయి ఆడే బొమ్మలివి. మరుసటి ఏడాది సెట్‌లో డార్క్‌సైడ్, అతని మనుషులైన కాలిబాక్, డెసాడ్, స్టెపెన్‌వుల్ఫ్‌లను దించింది. అప్పుడు డీసీ బాధ్యతల్లో ఉన్న జెనెట్ కాన్, పాల్ లెవిట్జ్ ఒక దారి వెతికారు. పాత క్యారెక్టర్లనే బొమ్మల కోసం మళ్లీ డిజైన్ చేయమని కిర్బీని అడిగారు. కొత్త పని కాబట్టి కొత్త రూల్ ప్రకారం రాయల్టీ ఇవ్వొచ్చు. అలా దాదాపు పదిహేనేళ్ల కిందట తాను సృష్టించిన విలన్ మీద కిర్బీకి వాటా దక్కింది.. అదీ కామిక్ బుక్‌తో కాదు, ప్లాస్టిక్ బొమ్మతో. తల వెనుక నుంచి వెలుతురు పడితే కళ్లు ఎర్రగా మెరిసే ఆ డార్క్‌సైడ్ ఇప్పటికీ కలెక్టర్లకు ఫేవరెటే.

విలన్లు ఎందుకు దొరకరు?

మన సినిమాల్లో విలన్ ఎంత గట్టోడైతే హీరో ఎలివేషన్ అంత పండుతుంది కదా. షాపు ర్యాక్ మీద లెక్క వేరు. కంపెనీ పంపే అట్టపెట్టెలో అన్ని క్యారెక్టర్లూ సమానంగా ఉండవు. పిల్లలు అడిగే హీరోలు ఎక్కువ, మిగతావాళ్లు తక్కువ. తక్కువ వచ్చినవి తర్వాత రేటెక్కి కూర్చుంటాయి. సీక్రెట్ వార్స్ చివరి విడతనే తీసుకోండి.. ఎలక్ట్రో, కన్‌స్ట్రిక్టర్ అనే విలన్లతో పాటు ఐస్‌మ్యాన్ బొమ్మను యూరప్‌లోనే అమ్మారు. అమెరికా కలెక్టర్లకు ఆ ముగ్గురూ ఇప్పటికీ దొరకని సరుకే.

ఇప్పుడు ట్రెండ్ మారింది. 2021లో హాస్‌బ్రో గ్రహాలను మింగే గెలాక్టస్ బొమ్మను 32 అంగుళాల ఎత్తుతో ప్రకటించింది. ధర దాదాపు 400 డాలర్లు. 14 వేల మంది ముందే డబ్బు కడితేనే చేస్తామని కండిషన్ పెట్టింది. 30 వేలకు పైగా ఆర్డర్లు వచ్చాయి. హాంకాంగ్ కంపెనీ హాట్ టాయ్స్ చేసే అడుగు ఎత్తు బొమ్మల్లోనూ హీత్ లెడ్జర్ జోకర్‌కి ఉన్న క్రేజ్ అంతా ఇంతా కాదు.

కొనాలనుకుంటే..

పాత బొమ్మ వీపు మీదో, పాదం కిందో కాపీరైట్ ముద్ర ఉంటుంది. అందులోని సంవత్సరం కాపీరైట్‌ది, తయారైన ఏడాది అదే కావాలని లేదు. దాన్ని చూపించి 'అప్పటి పీసే' అని ఎవరైనా అంటే తొందరపడొద్దు. జాయింట్లు వదులయ్యాయా, చేతిలోని ఆయుధం ఒరిజినలేనా అన్నవి చూసుకోవాలి. సీల్ విప్పని బొమ్మకీ, విప్పినదానికీ రేటులో భారీ తేడా ఉంటుంది. పెయింట్ గీతలు దాటి పూసినట్టుంటే, బాక్స్ మీద కంపెనీ లోగోలు లేకపోతే డూప్లికేట్ అయ్యే ఛాన్స్ ఎక్కువ.

హైదరాబాద్, విజయవాడ ఎండలకు ఇంకో సమస్య కూడా ఉంది. పీవీసీ బొమ్మను కిటికీ దగ్గర పెడితే రంగు వెలుస్తుంది. వేడికి ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే రసాయనం బయటికొచ్చి జిగురుగా తయారవుతుంది. అందుకే నీడలో, కాస్త గాలి ఆడే చోట పెట్టాలి.

విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్లు సుంకం కూడా లెక్కేసుకోవాలి. బొమ్మలపై దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. వెబ్‌సైట్‌లో కనిపించే డాలర్ రేటు చూసి ఆర్డర్ పెట్టేస్తే, పార్శిల్ వచ్చాక కట్టాల్సిన బిల్లు చూసి షాకవడం ఖాయం.